మన బిడ్డ మొదటి మెట్టు దగ్గరే ఎందుకు ఆగాలి?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



"మేడమ్, చదువు గురించి కాసేపు మాట్లాడండి" అని సంఘం వాళ్లు అడిగారు. బాగా చదువుకోండి, తల్లిదండ్రులకు మంచి పేరు తెండి అని చెప్పి దిగిపోవచ్చు. ఏటా ఆగస్టు 9న ఆ మాట చెబుతూనే ఉన్నాం. ఈసారి అలా వద్దనుకున్నాను. ఒకే ఒక్క చదువు తీసుకుని, దాని మొదటి మెట్టు నుంచి పై మెట్టు దాకా చెప్తాను. అది నర్సు చదువు. దాని పై మెట్టు పేరు నర్స్ ప్రాక్టీషనర్. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. నాలుగేళ్ల కిందటి దాకా నేనూ వినలేదు.

నేను బి.ఎడ్. చేశాను. బడిలో పాఠం చెప్పాలనుకుని హాస్టల్‌కి వచ్చాను. పదహారేళ్లయింది. పదో తరగతి పిల్లల్ని "పెద్దయ్యాక ఏమవుతావమ్మా?" అని అడిగితే సగం మంది "నర్సు" అంటారు. వాళ్లు దగ్గర నుంచి చూసిన ఉద్యోగస్తురాళ్లు ఇద్దరే కదా, ఒకరు టీచరు, ఇంకొకరు ఏఎన్ఎం. "మరి నర్సు ఎలా అవుతారు?" అంటే మాత్రం తల దించుకుంటారు. వాళ్లకు చెప్పాల్సిన నాకే తెలియనప్పుడు వాళ్లను అని ఏం లాభం?

ముందు నా తప్పు చెప్తాను. పేరు చెప్పను గానీ, మా హాస్టల్‌లో ఒక అమ్మాయి ఉండేది. ఎవరికి జ్వరం వచ్చినా తడిగుడ్డ వేస్తూ రాత్రంతా పక్కన కూర్చునేది. నర్సు కావాలన్న కోరిక. పదిలో సైన్సు మార్కులు తక్కువొచ్చాయి. "బైపీసీ కష్టం తల్లీ, సీఈసీ తీసుకో, ఈజీగా పాసవుతావు" అన్నాను. దాని మీద ప్రేమతోనే అన్నాను. అది నా మాట విన్నది, పాసయింది. ఇంటర్ అయ్యాక బి.ఎస్సీ. నర్సింగ్ నోటిఫికేషన్ పట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి ఉండాలని అందులో రాసి ఉంది. ఆ పిల్ల కాగితం కేసి చూసి, నా కేసి చూసి, "మరి అప్పుడు చెప్పలేదేంటి మేడమ్?" అంది. బి.ఎడ్.లో ఎన్నో ప్రశ్నలకు జవాబులు నేర్పారు గానీ దీనికి నేర్పలేదు.

రెండో తప్పు అంతకన్నా పెద్దది. ఇక దారి లేదనుకున్నాను. ఆ పిల్లతోనూ అదే అన్నాను. వాళ్ల నాన్న ఊరుకోలేక పట్నంలో బోర్డు చూసి ఒకచోట చేర్పించాడు. ఏడాది నర్సింగ్ కోర్సు అన్నారు, తెల్ల డ్రెస్సు ఇచ్చారు, ఫొటో తీశారు. మేకలు అమ్మిన డబ్బు, తునికాకు డబ్బు అక్కడ కట్టారు. చివర్లో రంగుల సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని పట్టుకుని ఉద్యోగానికి వెళ్తే "నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఏదమ్మా?" అన్నారు. అటువంటి నంబరు ఒకటుంటుందని మాకు ఆ రోజే తెలిసింది.

ఆ పిల్ల సంగతి మళ్లీ చెప్తాను. ఆ తర్వాత నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. మా పీహెచ్‌సీ స్టాఫ్ నర్సులను, నర్సింగ్ కాలేజీలో చదివే మన పిల్లలను అడిగి అడిగి రాసుకున్నాను. ఇప్పుడు మీకు చెప్పేది ఆ నోట్‌బుక్‌లోదే. పిల్లలూ, పెన్నులు తీయండి.

మొదట, నర్స్ ప్రాక్టీషనర్ అంటే ఎవరు? రోగిని తానే పరీక్ష చేసి, లక్షణాలు చూసి ఇది ఫలానా జబ్బు కావచ్చని ఆలోచించి, ముందుగా రాసిపెట్టిన వైద్య పద్ధతుల ప్రకారం చికిత్స మొదలుపెట్టి, ఎప్పుడు డాక్టరును పిలవాలో, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో తేల్చుకునే శిక్షణ పొందిన నర్సు. డాక్టరు రాసిన సూది వేయడం దగ్గర ఆమె పని ఆగదు.

ఇది ఎక్కడ పుట్టిందో తెలిస్తే మీకు ఆశ్చర్యమేస్తుంది. అమెరికాలో కెంటకీ అనే రాష్ట్రంలో కొండ ప్రాంతం ఉంది. అక్కడ రోడ్లు లేవు, డాక్టర్లు లేరు. 1925లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అనే నర్సు అక్కడ ఒక సేవ మొదలుపెట్టింది. నర్సులు గుర్రాల మీద వాగులు దాటి వెళ్లి ఇళ్లలో కాన్పులు చేసేవాళ్లు. ఆ తర్వాత నలభై ఏళ్లకు, 1965లో, కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ పెట్టారు. పల్లెల్లో, పేదవాళ్ల పిల్లలకు డాక్టరు అందడం లేదని పెట్టిన చదువు అది. అంటే ఈ చదువు మనలాంటి వాళ్ల అవసరంలోంచే వచ్చింది.

మన దేశంలో ఇందులో వచ్చిన రెండు రకాల గురించి చెప్తాను. ఒకటి, క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్. ఐసీయూలో ప్రాణాపాయంలో ఉన్న రోగులను చూసే చదువు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన రెండేళ్ల పీజీ కోర్సు, ఎక్కువ భాగం ఆసుపత్రిలోనే పనిచేస్తూ నేర్చుకోవాలి. రెండోది, మిడ్‌వైఫరీలో నర్స్ ప్రాక్టీషనర్. కాన్పు చదువు. 18 నెలలు. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దీనికి మార్గదర్శకాలు విడుదల చేసింది. అంతకు ముందే 2017లో మన తెలంగాణలో, కరీంనగర్‌లో, నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలైంది. ఆ మార్గదర్శకాల కన్నా ముందే నడిచిన రాష్ట్రం మనది, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మెట్లు చెప్తాను.

పదో తరగతి అయ్యాక బైపీసీ తీసుకుంటే తిన్నని దారి ఉంది. ఇంటర్ తర్వాత బి.ఎస్సీ. నర్సింగ్, నాలుగేళ్లు. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం మార్కులు కావాలి, మన ఎస్టీ పిల్లలకు 40 చాలు. ఇంగ్లీషు పాసవ్వాలి. డిగ్రీ పాసై, స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి, ఆసుపత్రిలో కనీసం ఏడాది పనిచేయాలి. డిగ్రీలో 55 శాతం ఉంటే క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకి అర్హత వస్తుంది. లెక్క వేయండి. 18కి ఇంటర్, 22కి డిగ్రీ, 23 దాకా ఉద్యోగం, 25కి నర్స్ ప్రాక్టీషనర్. ఎం.ఎస్సీ. నర్సింగ్‌కి పోయినా రెండేళ్లే, కాలేజీలో పాఠాలు చెప్పొచ్చు.

బైపీసీ తీసుకోలేదు, లేక బి.ఎస్సీ. సీటు రాలేదు. అప్పుడేం చేయాలి? ఇక్కడే నేను తప్పు చేశాను, మీరు చేయొద్దు. జి.ఎన్.ఎం. అనే మూడేళ్ల కోర్సు ఉంది. దానికి సైన్సు చదివినవాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది గానీ, సీఈసీ, హెచ్ఈసీ చదివినవాళ్లకూ అర్హత ఉంది. ఇంటర్‌లో మొత్తం మీద 40 శాతం, ఇంగ్లీషులో విడిగా 40 శాతం ఉండాలి. జి.ఎన్.ఎం. పాసై రిజిస్టర్ అయితే స్టాఫ్ నర్సు ఉద్యోగానికి అర్హత వచ్చినట్టే. తర్వాత పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. అని రెండేళ్ల కోర్సు చేస్తే డిగ్రీ చేతికొస్తుంది. అక్కడి నుంచి పైకి దారి ఒకటే, బి.ఎస్సీ. వాళ్లు ఎక్కిన మెట్టే వీళ్లూ ఎక్కుతారు. కాస్త ఆలస్యం, అంతే.

మిడ్‌వైఫరీ వైపు పోవాలంటే ఇంకో మాట. దానికి జి.ఎన్.ఎం. చేసినా చాలు, బి.ఎస్సీ. చేసినా చాలు. నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రిజిస్టర్ అయి, ప్రసూతి వార్డులో పనిచేసిన అనుభవం ఉండాలి.

ఇక ఏఎన్ఎం. రెండేళ్ల కోర్సు. మన ఊళ్లకు టీకాలు వేయడానికి వచ్చే అక్క చదివింది అదే. ఏఎన్ఎం అయిపోయాక చదువు అయిపోయిందనుకుంటారు మనవాళ్లు. కాలేదు. రిజిస్టర్ అయిన ఏఎన్ఎం జి.ఎన్.ఎం.కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంటే అన్నిటికన్నా కింది మెట్టు మీద ఉన్న మన బిడ్డకు కూడా పైకి మెట్లున్నాయి. వాటిని ఎవరూ చూపించకపోవడం వల్లే అక్కడే నిలబడిపోతోంది.

ఈ చదువులో నాకు నచ్చింది ఏంటంటే, ప్రతి మెట్టు దగ్గరా ఒక ఉద్యోగం ఉంటుంది. తల్లులు నన్ను అడుగుతారు: "మేడమ్, ఏడేళ్లు, ఎనిమిదేళ్లు చదివిస్తూ కూర్చుంటే పిల్లకు పెళ్లెప్పుడు? ఇంట్లో గడిచేదెట్ల?" ఆ అడగడంలో తప్పు లేదు. పోడు మీద బతికే ఇంట్లో ఎనిమిదేళ్లు అంటే చాలా. కానీ ఎనిమిదేళ్లూ ఏకబిగిన ఎవరూ చదవక్కర్లేదమ్మా. మూడేళ్లు చదివి సంపాదించొచ్చు. తమ్ముణ్ని చదివించుకోవచ్చు. తర్వాత మళ్లీ చదవొచ్చు. పెళ్లయినా చదవొచ్చు. నడుం నొప్పెడితే మెట్టు మీద కూర్చుంటాం, మళ్లీ లేచి ఎక్కుతాం. కూర్చున్నామని కొండ దిగిపోం కదా.

ఉన్నది ఉన్నట్టు ఇంకో మాట కూడా చెప్పాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నర్స్ ప్రాక్టీషనర్ తానే మందులు రాస్తుంది, సొంతంగా క్లినిక్ నడుపుకోవచ్చు. మన దగ్గర అలా లేదు. డాక్టర్లతో కలిసి, నిర్ణయించిన పద్ధతుల ప్రకారమే పనిచేయాలి. ఆ పేరుతో పోస్టులు కూడా ఇంకా తక్కువ. రేపే ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టి నేను మాట తప్పలేను. కానీ 2023లో పార్లమెంటు నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. నర్సు చదువును దేశమంతా కొత్తగా దిద్దుతున్న సమయం ఇది. పోస్టులు వచ్చిన రోజు మన పిల్లల చేతిలో అర్హత ఉండాలి. పోస్టులు వచ్చాక చదవడం మొదలుపెడితే మళ్లీ మనమే వెనక.

ఇదంతా మన పిల్లలే ఎందుకు చదవాలి అంటారా? ఒక సంగతి చెప్తాను. మా హాస్టల్‌లో ఏడో తరగతి పిల్ల ఒకతి తరచూ కాళ్లు నొప్పులని ఏడ్చేది. పని ఎగ్గొట్టడానికి ఏడుస్తోందని కొందరన్నారు. ఆటల్లో దెబ్బ తగిలిందేమో అని నేను నూనె రాయించాను. ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టరు తెలుగులో అడిగితే అది మాట్లాడలేదు. పక్కన స్టాఫ్ నర్సు మన కోయ పిల్ల. మంచం మీద కూర్చుని కోయలో అడిగింది. ఎక్కడ నొప్పి, ఎప్పుడు వస్తుంది, చలికి ఎక్కువవుతుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. పిల్ల అన్నీ చెప్పింది, చిన్నప్పుడే పోయిన అన్న సంగతి కూడా చెప్పింది. ఆ నర్సు వెళ్లి డాక్టరుతో "సార్, సికిల్ సెల్ పరీక్ష చేయిద్దాం" అంది. రిపోర్టు అదే వచ్చింది.

సికిల్ సెల్ రక్తంలో వచ్చే జబ్బు, తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఆదివాసుల్లో ఎక్కువ. 2023 జులైలో దీని మీద జాతీయ మిషన్ కూడా మొదలుపెట్టారు. మిషన్లు వస్తాయి, కిట్లు వస్తాయి. కానీ ఆ మంచం మీద కూర్చుని మన భాషలో నాలుగు ప్రశ్నలు అడిగే మనిషి మన ఇంట్లోంచే రావాలి. ఆ నర్సుకు రోగిని పరీక్షించే శిక్షణ ఇంకా పైస్థాయిలో ఉంటే ఎంతమంది పిల్లలకు అలా ముందుగా తెలిసేదో ఆలోచించండి. అలాగే కాన్పు. డోలీ కట్టి మోసుకొచ్చిన తల్లి ఆసుపత్రిలో ఎవరి మాటా అర్థంకాక భయంతో బిగుసుకుపోతుంది. తలదగ్గర నిలబడి మన మాటలో ధైర్యం చెప్పే మిడ్‌వైఫ్ ఉంటే ఆ తల్లి రెండో కాన్పుకి తానే నడిచి వస్తుంది. మన భాష ఈ ఉద్యోగంలో అడ్డం కాదు, అర్హత.

ఇక జాగ్రత్తలు. నాలుగే చెప్తాను.

మొదటిది, కాలేజీ. బోర్డు చూసి చేరొద్దు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తించిన కాలేజీల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది. స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉందో లేదో చూడాలి. బి.ఎస్సీ. అయితే మన రాష్ట్రంలో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధం ఉండాలి. ఫీజు కట్టే ముందు "చదువయ్యాక కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అవుతుందా?" అని ఒక్క ప్రశ్న అడగండి. సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. ఏడాదిలో నర్సు, ఆరునెలల్లో నర్సు అన్నచోట అసలు కూర్చోవద్దు.

రెండోది, డబ్బు. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే ఫీజు రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రాదు. ఏజెంటు "అన్నీ గవర్నమెంటే కడుతుంది" అంటే ఏ కోటా అని అడగండి. మన రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. ఆ సీట్లు మనవి. దరఖాస్తు చేయకపోతే అవి మన దాకా రావు.

మూడోది, కాగితాలు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, ప్రతి తరగతి స్టడీ సర్టిఫికెట్. మా హాస్టల్‌లో ఒక అమ్మాయికి ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకో పేరు. కౌన్సెలింగ్ వారంలో దాన్ని సరిచేయించడానికి ఎంత తిరిగామో మాకే తెలుసు. తొమ్మిదో తరగతిలోనే సరిచేయించుకోండి. ప్రవేశ పరీక్ష, కౌన్సెలింగ్ పద్ధతి మారుతూ ఉంటాయి కాబట్టి నిరుడు చేరిన అక్క చెప్పిందని ఊరుకోకుండా ఆ ఏడాది నోటిఫికేషన్ చదవండి.

నాలుగోది, ఇంగ్లీషు. పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే. మొదటి ఏడాదే ఏడ్చి ఇంటికొచ్చిన పిల్లల్ని చూశాను. రోజుకి పది మాటలు చాలు. శరీర భాగాల పేర్లు, జబ్బుల పేర్లు, మందుల పేర్లు. మా హాస్టల్‌లో భోజనాల గది గోడ మీద రోజూ పది మాటలు రాస్తున్నాం. రాసేది కూడా పిల్లలే. ఇంతకన్నా పెద్ద పథకం ఏమీ లేదు నా దగ్గర.

సంఘం పెద్దలకు నాదొక విన్నపం. ఏటా మనం సన్మానాలు చేస్తున్నాం, శాలువాలు కప్పుతున్నాం. మంచిదే. దాంతో పాటు ఏప్రిల్, మే నెలల్లో, పదో తరగతి ఫలితాలు వచ్చే సమయంలో, ఒక్క రోజు సభ పెట్టండి. గ్రూపు ఎంచుకునే ముందు. మన వాళ్లలో స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు, కాలేజీ పిల్లలు వచ్చి తమ దారి చెప్పాలి. అబ్బాయిలు కూడా రావాలి, ఈ చదువు వాళ్లకూ ఉంది. నేను సీఈసీ తీసుకోమన్న ఆ రోజున ఇలాంటి సభ ఒక్కటి ఉండి ఉంటే ఆ పిల్లకు ఏడాది పోయేది కాదు, మేకలు పోయేవి కాదు.

ఆ పిల్ల సంగతి మళ్లీ చెప్తానన్నాను కదా. మా పీహెచ్‌సీ స్టాఫ్ నర్సు ఒకామె జి.ఎన్.ఎం. గురించి చెప్పింది. ఈసారి కౌన్సిల్ జాబితా చూసి, నంబరు అడిగి, ఇద్దరం కలిసి దరఖాస్తు పెట్టాం. మూడేళ్లు చదివింది. మొదటి ఏడాది ఇంగ్లీషుకు భయపడి రెండుసార్లు సామాను సర్దుకుంది, రెండుసార్లూ ఫోన్లో తిట్టి ఆపాను. ఇప్పుడు ఆసుపత్రిలో ప్రసూతి వార్డులో పనిచేస్తోంది. కిందటి నెల ఫోన్ చేసి "మేడమ్, మిడ్‌వైఫరీ కోర్సుకి వెళ్లాలనుంది, ఏమంటారు?" అంది. ఈసారి నేను వెంటనే ఏమీ అనలేదు. "ఉండు, నోటిఫికేషన్ చదివి చెప్తా" అన్నాను. అది నవ్వింది.

ఈ రోజు కాన్పుల మీద నుంచి సెలవు దొరకలేదని రాలేకపోయింది. వచ్చి ఉంటే నా బదులు ఈ మాటలు తనే చెప్పేది, ఇంకా బాగా చెప్పేది. పిల్లలూ, వచ్చే ఏడాది ఇక్కడ నిలబడి మీలో ఒకరు చెప్పాలి. నోట్‌బుక్ హాస్టల్‌లో నా టేబుల్ మీదే ఉంటుంది. ఎవరికి కావాలన్నా వచ్చి రాసుకోవచ్చు, తప్పులుంటే దిద్దొచ్చు.